పురపాలక ఉద్యానాల్లో జిల్లేడుకు చోటివ్వాలి

సంపాదకులకు నమస్కారం.

రథసప్తమి నాడు తప్ప మనకు గుర్తుకురాని జిల్లేడును బెంగళూరులో శుభ్రత పేరిట వేళ్లతో సహా పెకలిస్తున్నారు. తెగిన ఆకు నుంచి కారే జిగట పాలు పురుగుల నోళ్లను అతికిస్తాయి, అందులోని కార్డినోలైడ్లు అనే రసాయనాలు గుండెకు విషం. అయినా ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక గొంగళిపురుగులు ఆ ఆకులనే తిని పెరుగుతాయి. దాని దగ్గరి బంధువు, అమెరికాకు చెందిన మోనార్క్ గొంగళి, జిల్లేడు కుటుంబానికే చెందిన పాలమొక్క (మిల్క్‌వీడ్) ఆకు ఈనెను ముందుగా కొరికి పాలధారను తగ్గించాకే తినడం మొదలుపెడుతుంది. పైగా ఆ విషాన్నే ఒంట్లో నిలువచేసుకుని పక్షుల నుంచి తప్పించుకుంటుంది. మొక్కలు, సీతాకోకచిలుకలు ఇలా పరస్పర ప్రభావంతో పరిణామం చెందాయని జీవశాస్త్రవేత్తలు ఎర్లిక్, రేవెన్ 1964లోనే ప్రతిపాదించారు. విద్యార్థులు దీన్ని కళ్లారా చూసేలా ప్రతి పురపాలక ఉద్యానంలో, పిల్లల చేతులకు, కళ్లకు పాలు తగలని దూరంలో, కొన్ని జిల్లేడు మొక్కలను మందు కొట్టకుండా పెరగనివ్వాలని అధికారులను కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, బెంగళూరు