రెండు గీతలు

విశాఖపట్నం,
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

ఫోన్‌లో "గుంటడెలా ఉన్నాడ్రా" అని నువ్వడిగితే "బాగానే ఉన్నాడు" అని పెట్టేశాను. ఆటిజం ఉన్న మావాడి సంగతి ఒక్క ముక్కలో తేల్చేశానే అని తర్వాత మనసొప్పక ఇది రాస్తున్నాను.

మొన్న సాయంత్రం ఆర్కే బీచ్‌లో గట్టు మీద కూర్చుని మురీ మిక్చర్ తింటున్నాం. మీ చెల్లికి తలనొప్పి, పైకి చెప్పలేదు. వాడు తినడం ఆపి, వాళ్ళమ్మ కనుబొమ్మల మధ్య వేలు పెట్టి "ఇక్కడ రెండు గీతలొచ్చాయి. కోపమా, నొప్పా?" అన్నాడు. నొప్పి నాన్నా అంది. వెంటనే తన హెడ్‌ఫోన్లు తీసి ఆవిడ చెవులకి పెట్టేశాడు. అలల హోరు, జనం గోల పడక వాడు పెట్టుకునేవి! ఎనిమిదేళ్ళలో ఇదే మొదటిసారి బావా. ఆవిడకి కళ్ళనీళ్ళు ఆగలేదు. వాడికి మళ్ళీ అయోమయం, "ఇంకా నొప్పా?" అని. సంతోషానికీ ఏడుస్తారని ఇంకా చెప్పలేదు మరి.

మొహం చూసి మనసు తెలుసుకోవడం లాంటివి మనకి చూస్తుండగానే ఒంటబడతాయి, ఆటిజం వల్ల వాడికి ఒక్కొక్కటీ విడదీసి చెప్పాలి. 2002లో అమెరికాలో ఆమీ క్లిన్ అనే పరిశోధకుడి బృందం సినిమా చూపించి, చూపు ఎటు పోతోందో కొలిచి చూస్తే, ఆటిజం ఉన్న కుర్రాళ్ళు మిగతావాళ్ళకన్నా అందులోని మనుషుల కళ్ళని తక్కువగా, నోటినీ, చుట్టూ ఉన్న వస్తువులనీ ఎక్కువగా చూశారట. మావాడూ అంతే. అందుకే "నా కళ్ళలోకి చూడు" అని గడ్డం పట్టుకోవడం మానేశాం. వాడికది బాధ.

కేంబ్రిడ్జిలో ఆటిజం పరిశోధకుడు సైమన్ బారన్-కోహెన్ బృందం ట్రాములు, కేబుల్ కార్ల లాంటి బళ్ళకి మనుషుల మొహాలు పెట్టి, ఆటిజం ఉన్న పిల్లలకి 15 భావాలు నేర్పే కార్టూన్ కథలు చేయించింది. అది చదివి, కిరండూల్ బండంటే ప్రాణమిచ్చే మావాడి కోసం ఇంజన్ బొమ్మలకి మా ఇంట్లోవాళ్ళ ఫొటోలే అంటించాను. ఎక్కువగా పనికొచ్చినవి మాత్రం ఇంట్లో చప్పుళ్ళు. స్టీలు గ్లాసు ఠక్కున పెడితే "నాన్నా, కోపమా?" అంటాడు. ఒక్కసారి కూడా తప్పలేదు.

స్కూల్లో ఎవరో పిల్ల పడి ఏడిస్తే వీడు నవ్వాడని టీచరు గట్టిగా మందలించింది. అది టెన్షన్ నవ్వని ఆమెకి తెలియలేదు. తనకీ ఆటిజం ఉన్న డేమియన్ మిల్టన్ అనే పరిశోధకుడు 2012లో రాసింది ఇదే: అర్థం కాకపోవడం రెండు వైపులా ఉంటుందని. ఆ రోజు వాడి మొహం చదవలేకపోయింది మనవాళ్ళే కదా.

సంక్రాంతికి వస్తున్నావుగా. రాగానే వాణ్ణి ఎత్తేసుకోకు. కాస్త దూరంలో కూర్చుని "నిన్ను చూసి సంతోషంగా ఉందిరా" అని నోటితో చెప్పు. వేళ్ళు గబగబా ఆడించాడంటే వాడికీ సంతోషమేనని అర్థం.

నీ
బావ