వైద్య పరిశోధనలో మహిళలకు నిలకడైన ఉద్యోగాలు కావాలి

సంపాదకులకు నమస్కారం.

వైద్య కళాశాలల్లో అమ్మాయిల సంఖ్య పెరుగుతోందన్న వార్తను ఏటా ప్రవేశాల సమయంలో పత్రికల్లో చదువుతున్నాం. చదివిన ప్రతిసారీ సంతోషంగానే ఉంటుంది. కానీ వారిలో పరిశోధన వైపు వచ్చినవారెందరు, వచ్చాక పదేళ్లపాటు అందులో నిలిచినవారెందరు అన్న లెక్కను మన ప్రభుత్వాలు గాని, ఆరోగ్య విశ్వవిద్యాలయాలు గాని ప్రజల ముందు పెట్టడం లేదు. ప్రభుత్వ వైద్య కళాశాలలో బయోకెమిస్ట్రీ బోధించి పదవీ విరమణ చేసినదాన్ని కాబట్టి ఈ లేఖ రాస్తున్నాను. ప్రతిభ గల మహిళకు నిలకడైన ఉద్యోగం దొరికిన చోట దేశానికి గొప్ప పరిశోధన దక్కింది. దొరకని చోట ఆమె ఎంత చదువుకున్నా మధ్యలోనే ఆగిపోయింది.

ఈ మాటకు మన హైదరాబాద్ చరిత్రలోనే ఆధారం ఉంది. రూపాబాయి ఫర్దూన్‌జీ 1885లో హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చేరారు. మత్తుమందుగా వాడే క్లోరోఫామ్ ఇచ్చినప్పుడు ముందుగా ఆగేది శ్వాసా, గుండె చప్పుడా అన్న వివాదాన్ని తేల్చడానికి బ్రిటిష్ వైద్యుడు ఎడ్వర్డ్ లారీ 1888, 1889 సంవత్సరాల్లో నిజాం ప్రభుత్వ సహాయంతో క్లోరోఫామ్ కమిషన్లు నడిపిన కాలమది. ఆ లారీ వద్దే మత్తుమందు ఇవ్వడం నేర్చుకున్న రూపాబాయిని ప్రపంచంలోనే తొలి మహిళా అనస్థీషియా నిపుణురాలిగా చెబుతారు. ఆమె 1909లో ఎడిన్‌బరో వెళ్లి భౌతిక, రసాయన శాస్త్రాలు చదువుకుని తిరిగి వచ్చారు. చాదర్‌ఘాట్ ఆసుపత్రి సూపరింటెండెంట్‌గా 1920లో పదవీ విరమణ చేశారు. నూరేళ్లకు పైగా వెనకటి రోజుల్లో ఒక స్త్రీ ఉద్యోగం మధ్యలో విదేశం వెళ్లి చదువుకుని, మళ్లీ వచ్చి అదే ఊళ్లో వృత్తిని కొనసాగించగలిగింది.

ఫోలిక్ యాసిడ్ పేరు వినగానే తెలుగువారికి యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తుకు రావడం సహజం. ఆయన నేతృత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల బృందం 1945లో దానిని కృత్రిమంగా తయారుచేసింది. అయితే అలాంటి పోషకమొకటి ఉందని అంతకు పద్నాలుగేళ్ల ముందే చూపించినది లూసీ విల్స్ అనే బ్రిటిష్ వైద్యురాలు. ఈ సంగతిని మన పాఠ్యపుస్తకాలు కూడా చెబితే బాగుంటుంది. విల్స్ 1928లో బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణుల ప్రాణాలు తీస్తున్న ఒక రకం రక్తహీనతపై పని మొదలుపెట్టారు. వారేమి తింటున్నారో పరిశీలించారు, ఎలుకలపైనా కోతులపైనా ప్రయోగాలు చేశారు. చివరకు చౌకగా దొరికే మార్మైట్ అనే ఈస్ట్ సారంతో ఆ జబ్బు నయమవుతుందని 1931లో ప్రకటించారు. శాస్త్రవేత్తలు చాలాకాలం ‘విల్స్ ఫ్యాక్టర్’ అని పిలిచిన ఆ పదార్థమే ఫోలిక్ యాసిడ్ అని తరువాత తేలింది. ఇవాళ మన పల్లెల్లో ఏఎన్‌ఎం గర్భిణి చేతిలో పెడుతున్న ఐరన్ ఫోలిక్ మాత్ర వెనుక ఆమె శ్రమ కూడా ఉంది.

ఆ శ్రమ ఎలా సాగిందో చూడండి. బొంబాయి నుంచి కూనూరు పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌కు, అక్కడి నుంచి మద్రాసు గోషా ఆసుపత్రికి, మధ్యలో లండన్‌కు, ఎప్పటికప్పుడు మంజూరయ్యే నిధులను నమ్ముకుని ఆమె తిరిగారు. పెళ్లి చేసుకోకుండా ఒంటరిగా ఉన్నందువల్ల ఆమెకు అది సాధ్యపడింది. కుటుంబం ఉన్న స్త్రీ కూడా అలాగే బతకాలని ఆశించడం అన్యాయం. తొంభై ఏళ్లు దాటిన తరువాత కూడా మన పరిశోధక మహిళల్లో చాలామంది బతుకు అలాగే ఉందని చెప్పవలసి రావడం నాకు బాధగా ఉంది.

కూనూరులో బ్రిటిష్ వైద్యుడు మెక్‌కారిసన్ నడిపిన పోషకాహార ప్రయోగశాలే 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చి, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అయింది. అక్కడ మహిళలకు శాశ్వత ఉద్యోగాలు, సొంత విభాగాలు, ఏళ్ల తరబడి ఒకే ప్రశ్నను వెంటాడే అవకాశం దొరికాయి. మహతాబ్ బాంజీ రైబోఫ్లావిన్, అంటే బి2 విటమిన్, లోపాన్ని ఎర్రరక్తకణాల్లోని ఒక ఎంజైమును కొలిచి పట్టుకునే పద్ధతిపై తొలినాటి పరిశోధన చేసి 1969లో ప్రచురించారు. నోటి మూలలు పగిలే పిల్లల్లో లోపం ఎంత ఉందో కంటి అంచనాకు వదలకుండా రక్తపరీక్షతో చెప్పడానికి అది దారి చూపింది. పదవీ విరమణ తరువాత కూడా ఆమె మెదక్ ప్రాంతంలోని నర్సాపూర్ పల్లెల్లో పెరటి కూరగాయల పెంపకం, తల్లీబిడ్డల పోషణపై పనిచేశారు. తిండి చాలని మనిషి శరీరంలో మందు ఎలా పనిచేస్తుందన్న ప్రశ్నను కమలా కృష్ణస్వామి చేపట్టారు. బలంగా ఉన్నవారిపై పరీక్షించి నిర్ణయించిన మోతాదునే బక్కచిక్కిన రోగికీ ఇచ్చే మన దేశంలో ఇంతకన్నా అవసరమైన ప్రశ్న అరుదు. ఆమె ఆ సంస్థకు డైరెక్టర్ అయ్యారు. కొన్నేళ్ల తరువాత ఆర్. హేమలత గారు కూడా అదే పదవి చేపట్టారు.

ఇతర చోట్ల జరిగింది కూడా ఇదే. కుష్ఠు రోగుల్లో రోగనిరోధక కణాలు ఎందుకు స్పందించవో అధ్యయనం చేసి 1983లో భట్నాగర్ పురస్కారం పొందిన ఇందిరా నాథ్‌కు ఢిల్లీ ఎయిమ్స్ దశాబ్దాలపాటు చోటిచ్చింది. తరువాతి కాలంలో ఆమె హైదరాబాద్‌లోని బ్లూ పీటర్ పరిశోధనా కేంద్రానికి నాయకత్వం వహించారు. గగన్‌దీప్ కాంగ్ వెల్లూరు బస్తీల్లోని పసిపిల్లలను పుట్టినప్పటి నుంచి ఏళ్ల తరబడి గమనిస్తూ, పిల్లలకు విరేచనాలు కలిగించే రోటావైరస్‌పై చేసిన పని మూడేళ్ల ప్రాజెక్టులో ఇమిడేది కాదు. 2016లో దేశీయ రోటావైరస్ టీకాను ప్రభుత్వ కార్యక్రమంలో మొదట ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

ఇక ఇప్పటి పరిస్థితి. 2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలయింది. పీహెచ్‌డీ చేసే మహిళలకు 240 రోజుల సెలవు, గడువుపై అదనంగా రెండేళ్లు యూజీసీ నిబంధనల్లో ఉన్నాయి. ఇవి మంచి నిబంధనలు, వాటి కోసం పోరాడినవారికి కృతజ్ఞతలు. చిక్కు వచ్చేది పీహెచ్‌డీ తరువాత. అప్పుడు దొరికేది సాధారణంగా ప్రాజెక్టు ఉద్యోగం. సెలవులో ఉన్నా ప్రాజెక్టు గడియారం ఆగదు. ఆమె తిరిగి వచ్చేసరికి నమూనాల సేకరణ ముగిసిపోతుంది, వ్యాసంపై మొదటి పేరు మరొకరిదవుతుంది, తరువాతి దరఖాస్తుకు వయోపరిమితి అడ్డం వస్తుంది. విరామం తీసుకున్న మహిళా శాస్త్రవేత్తల కోసం కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ రెండు దశాబ్దాలుగా పథకాలు నడుపుతోంది. వాటి వల్ల తలుపు మళ్లీ తెరుచుకుంటున్న మాట నిజం. లోపలికి వచ్చిన మనిషికి ఆ పథకం గడువు ముగిశాక కూర్చోవడానికి కుర్చీ ఉండాలి కదా?

ఇంటి బాధ్యతల వల్లే ఆడవాళ్లు పరిశోధన మానేస్తున్నారని తేలికగా అనేవారున్నారు. అవే బాధ్యతలున్న మహిళలు బోధనలో, ఆసుపత్రి విధుల్లో, బ్యాంకుల్లో ముప్ఫై ఏళ్లు పనిచేసి గౌరవంగా విరమిస్తున్నారు. అక్కడ ఉద్యోగ భద్రత ఉంది, సెలవు తరువాత తిరిగి చేరే హక్కు ఉంది. తేడా అంతవరకే.

ప్రభుత్వ వైద్య కళాశాలల్లో కేంద్ర ఆరోగ్య పరిశోధన శాఖ సాయంతో మల్టీ డిసిప్లినరీ రీసెర్చ్ యూనిట్లు, అంటే పలు శాస్త్రాల ఉమ్మడి పరిశోధనా విభాగాలు, ఏర్పాటవుతున్నాయి. వాటిలోని శాస్త్రవేత్తల, టెక్నీషియన్ల పోస్టులు కాంట్రాక్టు పోస్టులు. ఈ పోస్టులను తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు తమ బడ్జెట్‌లో శాశ్వత పోస్టులుగా తీసుకోవాలని, అంతవరకు కనీసం పదేళ్ల కాలపరిమితితో నియామకాలు జరపాలని కోరుతున్నాను. ప్రాజెక్టు సిబ్బంది ప్రసూతి సెలవు తీసుకుంటే అన్ని నెలలూ జీతంతో సహా ప్రాజెక్టు గడువుకు కలపాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఆదేశించాలి. ఏలూరు, మచిలీపట్నం, నంద్యాల, రాజమహేంద్రవరం, విజయనగరాల్లో 2023లో మొదలైన కొత్త కళాశాలల్లో సిబ్బంది నియామకాల వేళ పరిశోధనకు ప్రత్యేకంగా పోస్టులు కేటాయించడం కష్టమేమీ కాదు. ఒకసారి పోస్టుల పట్టికలో చేరనిదాన్ని తరువాత చేర్పించడమే కష్టం. వైద్య విద్య సంచాలకులు రెండు రాష్ట్రాల్లోనూ ఈ పట్టికలను ఇప్పుడే సవరించాలని, ప్రభుత్వ కళాశాలల్లో పరిశోధన చేస్తున్న మహిళలెందరు, వారిలో శాశ్వత ఉద్యోగులెందరు అన్న వివరాలను ఏటా ప్రకటించాలని మీ పత్రిక ద్వారా విజ్ఞప్తి చేస్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత వైద్య కళాశాల అధ్యాపకురాలు,
గుంటూరు.