మా దగ్గర పాఠాలు ఎందుకు నెమ్మదించాయంటే

బెంగళూరు మారతహళ్లిలోని మా ట్యూషన్‌కు పిల్లలను పంపుతున్న తల్లిదండ్రులందరికీ నమస్కారం. బడిలో ఆరో పాఠం నడుస్తుండగా మా దగ్గర ఇంకా నాలుగో పాఠమే ఎందుకు సాగుతోందని ఈ నెలలో మీలో చాలామంది అడిగారు. గుమ్మం దగ్గర ఒక్కొక్కరికీ ఒక్కో ముక్క చెప్పడం కంటే, జరిగింది జరిగినట్టు అందరికీ రాయడం మేలనిపించింది.

కొన్ని వారాల కిందట ఏడో తరగతి పిల్లలతో నీళ్లు కాయించి థర్మామీటర్ పెట్టించాను. నీళ్లు తెర్లుతున్నా అది 97 డిగ్రీలు దాటలేదు. పుస్తకంలో 100 అని ఉంది కాబట్టి థర్మామీటర్‌లోనే లోపముందని నేను చెప్పేశాను. పిల్లలు 100 అనే రాసుకున్నారు. ఇంటికి వెళ్లాక అనుమానం వచ్చి చూసుకుంటే లోపం నాదేనని తెలిసింది. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తున ఉంది, ఇక్కడ గాలి పీడనం తక్కువ, అందుకే నీరు ఇక్కడ 97 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. అంతకంటే బాధ కలిగించిన సంగతి మరొకటి ఉంది. అంతకు వారం ముందే వాతావరణ పీడనం నిర్వచనాన్ని పొల్లుపోకుండా రాసి పూర్తి మార్కులు తెచ్చుకున్న పిల్లల్లో ఒక్కరికి కూడా ఆ మాట అప్పుడు తట్టలేదు.

మరునాడు వాళ్ల ముందు నా తప్పు ఒప్పుకొని, పీడనం అన్న మాట వాడకుండా, ఇంట్లో అమ్మమ్మకు చెప్పినట్టు తెలుగులో చెప్పమన్నాను. ఒక అమ్మాయి చాలాసేపు తడబడి, "గాలి నీళ్ల మీద మూతలా కూర్చుంటుంది సార్, పైకి వెళ్లేకొద్దీ ఆ మూత పల్చబడుతుంది, అందుకే బుడగలు తొందరగా లేస్తాయి" అన్నది. వెనక బల్ల నుంచి ఒకడు, "అయితే నెల్లూరులో మా తాతయ్యవాళ్లింట్లో అన్నం త్వరగా ఉడుకుతుందా?" అని అడిగాడు. సముద్రమట్టానికి దగ్గరగా ఉన్న నెల్లూరులో నీరు మరికాస్త వేడెక్కాకే మరుగుతుంది కాబట్టి ఉడుకుతుంది. అక్కడి నుంచి ప్రెషర్ కుక్కర్‌కు వెళ్లాం. ఆవిరిని బయటికి పోనీయకపోవడం వల్ల లోపల పీడనం పెరిగి, నీరు దాదాపు 120 డిగ్రీల దాకా వేడెక్కుతుందని తేల్చుకునేసరికి గంట గడిచిపోయింది. గాలి పైనుంచే కాక అన్ని వైపుల నుంచీ నెడుతుంది కనుక మూత పోలిక ఎక్కడ సరిపోదో కూడా ఆ పిల్లలే పట్టుకున్నారు.

1989లో అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త మిషెలిన్ చీ బృందం ప్రచురించిన పరిశోధనలోనూ, చేసి చూపిన భౌతికశాస్త్ర లెక్కలను చదువుతూ ప్రతి మెట్టూ ఎందుకో తమకు తాము వివరించుకున్న విద్యార్థులే తర్వాతి లెక్కలను బాగా చేశారని తేలింది. నోరు తెరిచి చెప్పబోయినప్పుడే తెలియనిది ఎక్కడుందో పిల్లవాడికి తెలుస్తుంది. పరీక్షకు కావలసిన శాస్త్రీయ పదాలను మేము వదిలేయడం లేదు, అర్థం కుదిరాక వాటిని నేర్పుతున్నాం.

అందుకే ప్రతి తరగతిలో చివరి ఇరవై నిమిషాలు పిల్లలే చెప్పాలి. ఇరవైమంది ఉంటే అందరి వంతూ రాదు కాబట్టి బ్యాచ్‌ను పన్నెండుమందికి తగ్గించాను, ఫీజు పెంచలేదు. మూడు కుటుంబాలు మానేశాయి, వారి ఆందోళన నాకు అర్థమైంది. మిగిలిన పాఠాలను అర్ధసంవత్సర పరీక్షలకు ముందు రెండు శని, ఆదివారాల్లో అదనపు రుసుము లేకుండా పూర్తిచేస్తాను.

ఇంట్లో మీరు చేయవలసింది ఒకటుంది. రాత్రి భోజనాల దగ్గర ఆనాటి పాఠాన్ని మీ పిల్లల చేత చెప్పించుకోండి, మధ్యలో దిద్దకండి, అర్థంకాని చోట "అంటే ఏమిటి?" అని మాత్రం అడగండి. వాళ్లు ఎక్కడ ఆగిపోయారో మరునాడు నాకు చెబితే అక్కడి నుంచే మొదలుపెడతాను.