మా అమ్మ వైద్యానికి తోడు నిలిచిన తిరుపతి వారందరికీ కృతజ్ఞతలు

మా అమ్మకు ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలినప్పటి నుంచి తిరుపతిలో మాకు చేయూతనిచ్చిన వారందరికీ మా కుటుంబం తరఫున చేతులు జోడించి నమస్కరిస్తున్నాను. అనుమతి అడగకుండా పేర్లు రాయడం సబబు కాదు కనుక ఎవరి పేరూ రాయడం లేదు. ఎవరు ఏం చేశారో మాత్రం వివరంగా రాస్తాను, ఎందుకంటే అవే వివరాలు మరో ఇంటివారికి అక్కరకు రావచ్చు.

అమ్మది పలమనేరు వైపు పల్లె. బీడీ, చుట్ట ఏనాడూ ముట్టిన మనిషి కాదు. చింతకట్టెల పొయ్యి ముందు మాత్రం సగం జీవితం గడిపింది. దగ్గు నెలల తరబడి వదలకపోవడం, ఒళ్లు తీసిపోవడం, నాలుగడుగులు వేస్తే ఆయాసం రావడం చూసి ఒకచోట ఎక్స్‌రే తీసి, క్షయ అని మందులు మొదలుపెట్టారు. కఫం పరీక్షలో క్షయ క్రిమి కనబడకపోయినా అవే మందులు కొనసాగాయి. ఎక్స్‌రేలో క్షయ మచ్చ, క్యాన్సర్ గడ్డ చాలాసార్లు ఒకే తీరుగా తెల్లటి నీడలా కనబడతాయి కనుక మన దేశంలో ఎందరికో ఇలాగే విలువైన కాలం వృథా అవుతోంది. "మందులు మింగుతున్నా ఆయాసం ఎక్కువవుతా ఉందన్నా, ఇక్కడ పెట్టుకోవద్దు, తిరుపతికి పిలుచుకుని పోండి" అని మా వెంటపడి చెప్పింది మా ఊరి ఆశా కార్యకర్త. మొదటి నమస్కారం ఆ తల్లికి.

అమ్మను స్విమ్స్‌లో చేర్చాము. తిరుమల తిరుపతి దేవస్థానం పూనుకుని నెలకొల్పగా 1993లో మొదలైన ఈ ఆసుపత్రి రాయలసీమ పేదలకు ఎంత ఆసరాగా ఉందో, అక్కడి వరండాలో ఒక్క పూట కూర్చున్నవారికి తెలుస్తుంది. కుడి ఊపిరితిత్తి చుట్టూ ఉన్న పొరల మధ్య నీరు చేరిందని, ఆయాసానికి కారణం అదేనని స్కాన్‌లో తేలింది. ఆ నీరు తీసే రోజున అమ్మ బల్లపై దిండు ఆనించుకుని ముందుకు వంగి కూర్చుంటే, సిస్టర్ ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని అమ్మ రెండు చేతులూ పట్టుకుని, "దగ్గొద్దమ్మా, నా కళ్లల్లోకి చూడు" అంటూ సూది బయటికి వచ్చేదాకా కదలలేదు. నీరు ఎర్రగా వచ్చింది. ఒకేసారి లీటరున్నరకు మించి తీస్తే ఊపిరితిత్తికే ప్రమాదమని చెప్పి, మిగిలినది మరునాటికి ఆపారు.

నేను జన్మలో మరువలేని మేలు అక్కడే జరిగింది. ఆ నీటిని పారబోయకుండా చాలినంత ల్యాబుకు పంపి, అందులోని కణాలను మైనపు దిమ్మెగా చేసి భద్రపరచమని చెస్ట్ విభాగం డాక్టరమ్మ ప్రత్యేకంగా రాసిపెట్టారు. ఆ దిమ్మె ఉండబట్టే అమ్మకు ముక్క తీసే బయాప్సీ సూది మరోసారి గుచ్చకుండా, క్యాన్సర్ కణాల్లోని జన్యు మార్పులు చూసే పరీక్ష కూడా జరిగింది. కీమో వెంటనే మొదలుపెట్టమని మేము తొందరపెడితే, పరీక్ష ఫలితం చూడకుండా మందు ఎంచుకోవడం సరికాదని ఓపికగా చెప్పి ఆపింది కూడా ఆవిడే.

ఓపీ చీటీ వెనక బొమ్మ గీసి ఆవిడ చెప్పిన సంగతులు ఇప్పటికీ గుర్తున్నాయి. ఈ వ్యాధిలో దాదాపు 85 శాతం 'నాన్ స్మాల్ సెల్' రకం. అందులో అడినోకార్సినోమా సాధారణంగా ఊపిరితిత్తుల అంచుల వైపు పుడుతుంది, పొగ తాగనివారిలో ఎక్కువగా కనిపించేది ఇదే. స్క్వామస్ రకం పెద్ద శ్వాసనాళాల దగ్గర, పొగతాగేవారిలో ఎక్కువ. మిగిలిన 15 శాతం 'స్మాల్ సెల్' రకం చాలా వేగంగా పెరిగి, కనిపెట్టేనాటికే తరచూ ఇతర అవయవాలకు పాకి ఉంటుంది కనుక అందులో శస్త్రచికిత్సకు అవకాశం అరుదు. కీమో, రేడియేషన్ ప్రధానం. అమ్మ పక్క మంచం పెద్దాయనది అదే రకం. ఆయన ముఖం, మెడ ఉబ్బి ఉండేవి. ఛాతీలోని పెద్ద సిరను గడ్డ నొక్కడం వల్ల అలా అవుతుందట. వ్యాధి లింఫ్ గ్రంథుల గుండా, రక్తం గుండా మెదడుకు, ఎముకలకు, కాలేయానికి, మూత్రపిండాల పైనుండే ఎడ్రినల్ గ్రంథులకు చేరగలదు కనుకనే తలనొప్పి లేకపోయినా అమ్మకు మెదడు ఎమ్మారై తీయించారు. అదృష్టవశాత్తు అక్కడేమీ లేదు. అయితే ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీటిలోనే క్యాన్సర్ కణాలు దొరికినందున నాలుగో దశగానే లెక్క, ఆపరేషన్ వల్ల ప్రయోజనం లేదు.

జన్యు పరీక్షలో, క్యాన్సర్ కణాల పెరుగుదలను నడిపే ఈజీఎఫ్‌ఆర్ అనే జన్యువులో మార్పు ఉందని తేలింది. అందువల్ల సెలైన్ కీమోకు బదులుగా ఆ మార్పును గురిపెట్టి అడ్డుకునే జెఫిటినిబ్ మాత్ర రోజుకొకటితో వైద్యం సాగుతోంది. ముఖం మీద మొటిమల్లాంటి పొక్కులు, గోళ్ల పక్కన పుండ్లు, అప్పుడప్పుడు విరేచనాలు ఉన్నాయి. వాటికి భయపడి సొంతంగా మాత్ర ఆపవద్దని ఫార్మసీ తమ్ముడు ప్రతిసారీ గుర్తుచేస్తాడు. ప్రభుత్వ ఆరోగ్య పథకంలో ఏవి వస్తాయో, ఏవి మేము పెట్టుకోవాలో కాగితం మీద వరుసగా రాసిచ్చిన, ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రకు, బైరాగిపట్టెడలో గది ఇచ్చి అమ్మకు నోరు మంటగా ఉన్న రోజుల్లో రాగి అంబలి కాచి పంపిన ఇంటి యజమానురాలు అక్కకు మేము ఎంతో రుణపడ్డాము.

ఈ మాత్రలు వ్యాధిని అణచి ఉంచుతాయే గాని సమూలంగా పోగొట్టవని, కొంతకాలానికి కణాలు మందుకు లొంగకుండా మారవచ్చని, అప్పుడు మళ్లీ పరీక్షించి వేరే మందుకు మారాల్సి ఉంటుందని డాక్టరమ్మ మాకు దాచకుండా చెప్పారు. ఆ నిజాయితీకి కూడా కృతజ్ఞులం. ప్రస్తుతం అమ్మ ఆయాసం లేకుండా పడుకుంటోంది, తన పనులు తాను చేసుకుంటోంది. ఇంట్లో ఎవరికైనా ఊపిరితిత్తుల నీరు తీయించాల్సి వస్తే, కణాలను దిమ్మెగా భద్రపరచమని ముందే డాక్టరును అడగండి. ఆ విషయంలో ఏ సందేహం ఉన్నా కింద అడగండి, మా దగ్గరున్న రిపోర్టులు చూసి తెలిసినంత చెబుతాను.