పిల్లల క్రిస్మస్ సినిమాలు తెలుగులోనూ కావాలి

సంపాదకుల వారికి నమస్కారం.

2017లో వచ్చిన 'ది స్టార్' అనే యానిమేషన్ సినిమా మా పిల్లలకు ప్రాణం. యేసు పుట్టిన కథే, కాకపోతే జంతువుల వైపు నుంచి చెప్పారు. తిరగలి తిప్పీ తిప్పీ విసిగిపోయి రాజుగారి బృందంలో నడవాలని కలలుగన్న బో అనే గాడిద, దాని నేస్తం డేవ్ అనే పావురం, నక్షత్రం కోసం మందనే వదిలేసిన రూత్ అనే గొర్రె, ఈ మూడూ కలిసి మరియమ్మ, యోసేపుల వెంట బేత్లెహేము దారి పడతాయి. గాడిద అంటే మనకు తిట్టు కదా, అలాంటిదాన్ని హీరోను చేయడం నాకు భలే నచ్చింది.

మేం చూసింది ఇంగ్లీషులో. మా అత్తయ్యగారికి పిల్లలే ప్రతి మాటా చెప్పాల్సి వచ్చింది. 2019లో 'ది లయన్ కింగ్'లో పుంబాకు బ్రహ్మానందం, టిమోన్‌కు అలీ గొంతు ఇస్తే ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వాం, 2024 డిసెంబర్‌లో వచ్చిన 'ముఫాసా' సినిమాలో ముఫాసా అనే సింహానికి మహేష్‌బాబు గొంతు ఇచ్చారు. పెద్ద సినిమాలకే ఎందుకు, ఇలాంటి చిన్న పండుగ సినిమాలకూ ఆ శ్రద్ధ పెట్టాలి.

ఏ పిల్లల సినిమాకు ఓటీటీలో తెలుగు ఆడియో ఉందో డిసెంబర్‌లో మీ ఆదివారం పేజీలో రాయండి. ఇంట్లో తప్ప తెలుగు వినపడని మా పిల్లలకు అది చాలా అవసరం.

– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు