టార్పాలిన్ పట్టాతో పాటు తాళ్లూ ఇవ్వండి

సంపాదకుడు గారికి,

వరదకో భూకంపానికో ఇల్లు పోయినవాళ్ల చేతికి ముందుగా అందేది టార్పాలిన్ పట్టా. తాళ్లు, గూటాలు లేకుండా ఉత్త పట్టా ఇస్తే జనం దొరికిన పురికొసతో కట్టుకుంటారు. ఒక్క గాలివానకే అది మూలల్లో చినుగుతుంది.

కొనేటప్పుడు రంగు కాదు, బరువు అడగండి. చదరపు మీటరుకు 200 గ్రాములకు అటూఇటూ ఉండి, ఎండను తట్టుకునే యూవీ రక్షణ ఉన్న అల్లిక పట్టా నెలల తరబడి నిలుస్తుంది. 100 గ్రాముల లోపువి ఎండకు త్వరగా పెళుసెక్కుతాయి.

సహాయ సంస్థలు ఎక్కువగా వాడే కొలత 4 × 6 మీటర్లు. రెండు చెట్ల మధ్య మీటరున్నర ఎత్తులో తాడు బిగించి, 6 మీటర్ల పొడవు సరిగ్గా సగానికి వచ్చేలా పట్టా వేసి, రెండు అంచులనూ నేలకు దిగ్గొడితే వాలు 30 డిగ్రీలు వస్తుంది. ఐదుగురు పడుకోవచ్చు. వాలు అంతకన్నా తగ్గితే, పట్టా వదులైనా, నీళ్లు గుంటకట్టి ఆ బరువుకు తాడు కుంగుతుంది. నైలాన్ తాడు తడిస్తే సాగుతుంది కనుక వాన మొదలయ్యాక మళ్లీ బిగించాలి. గాలి వాలు మీదికి రావాలి, తెరిచిన వైపుకు కాదు.

పట్టా ఎక్కువగా తెగేది అంచుల్లో తాడు కట్టే రింగుల దగ్గరే. రింగు ఊడితే కంగారు వద్దు. నిమ్మకాయంత నున్నని గులకరాయిని మూల నుంచి జానెడు లోపల పెట్టి, పట్టాతో మూటలా చుట్టి, ఆ మూట మెడకు తాడు బిగించండి. అప్పుడు లాగుడు ఒక్క రంధ్రం మీద కాక గుప్పెడు పట్టా మీద పడుతుంది. నిజానికి రింగులు బాగున్నా మూలలకు ఈ కట్టే మేలు. గూటాన్ని పైకొన పట్టాకు దూరంగా వంగేలా ఏటవాలుగా దిగ్గొట్టాలి.

చెట్టు మీది నీరు నడిమి తాడు వెంట లోపలికి పాకుతుంది. పట్టాకు జానెడు అవతల తాడుకు గుడ్డపీలిక వేలాడదీస్తే నీళ్లు అక్కడే కారిపోతాయి. కింద పరిచిన పట్టా అంచు బయటికి పొడుచుకొస్తే పైనుంచి జారిన వాన పక్కల కిందికి చేరుతుంది, లోపలికి మడవండి. ఎండుకొమ్మల కింద, కరెంటు తీగల కింద, వాగు ఒడ్డున వేయొద్దు. లోపల పొయ్యి అసలు వెలిగించొద్దు. పట్టా అంటుకుంటుంది, పొగలోని విషవాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

సహాయం పంచేవారికి మా విన్నపం: ప్రతి పట్టాతో 10 మీటర్ల లావు తాడు, 10 మీటర్ల సన్న తాడు, మూరెడు పొడవున్న గూటాలు 10 కలిపి కట్టండి.

ఇట్లు,
ఒక పాఠకుడు