నెత్తిన ఎండ, ఇంట్లో చీకటి

పాలకొల్లు
శనివారం, పొద్దున్న ఆరు

ఒరేయ్ గుండూ,

ముందు నాలుగు తిట్టెయ్, తర్వాత చదువు. నీ ఉత్తరం సంక్రాంతికి వచ్చింది, ఇప్పుడు ఏప్రిల్ అయిపోవస్తోంది. రెండుసార్లు మొదలుపెట్టాను. రెండుసార్లూ "ఇక్కడ అందరం క్షేమం" దగ్గరే ఆగిపోయింది. ఫోన్ చేయొచ్చుగా అంటావు. చేసేవాణ్ణే, కానీ ఈ సంగతి ఫోన్లో చెప్పడానికి వీల్లేదు. మా నాన్న పక్కగదిలోనే ఉంటాడు, ఆయన చెవులు నీకు తెలియనివా!

మామూలు కబుర్లు గబగబా చెప్పేస్తాను. అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి. నాకు ప్రమోషన్ రాలేదు. మీ సందులో సిమెంటు రోడ్డు వేశారు, వేసిన నెలకే పైపుల కోసం తవ్వేశారు. రేగిపళ్ల బాకీ నేను మర్చిపోలేదు, వడ్డీ పెరుగుతోంది. అంతే.

ఇక అసలు విషయం. మా డాబా మీద సోలార్ పెట్టించాం.

నవ్వకు. మీ వడోదరలో అది పెద్ద వింత కాదని తెలుసు, ఏ మేడ చూసినా పలకలేనని నువ్వే రాశావు. కానీ మా వీధిలో మొదటి ఇల్లు మాదే. పీఎం సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో మొదలైంది కదా, అప్పటి పేపరు ముక్క మా నాన్న, అదే మీ లెక్కల మాష్టారు, కత్తిరించి కళ్లజోడు డబ్బాలో దాచుకున్నాడు. దాని వెనకాల ఆయన లెక్క కూడా ఉంది. మొదటి రెండు కిలోవాట్లకి తలో 30 వేలు, మూడోదానికి 18 వేలు, మొత్తం 78 వేలు సబ్సిడీ. నాలుగో కిలోవాట్ నుంచి పైసా రాదు. "కాబట్టి మూడు దగ్గర ఆగినవాడే తెలివైనవాడురా" అని తీర్మానం. నన్ను, చెల్లిని నిలబెట్టి ఎక్కం అప్పజెప్పించినట్టే చెప్పాడు.

పోర్టల్లో దరఖాస్తు పెట్టి, అందులో ఉన్న కంపెనీల్లోంచి ఒకదాన్ని ఎంచుకున్నాం. పేరెందుకులే. ఒక కుర్రాడు వచ్చాడు, చేతిలో టేపు, ఫోన్లో దిక్సూచి. డాబా అంతా కొలిచి, దక్షిణం వైపు చూసి, మా కొబ్బరిచెట్టు దగ్గర ఆగిపోయాడు. పొద్దున్న తొమ్మిదిన్నర దాకా దాని నీడ రెండు పలకల మీద పడుతుందట. పలకలన్నీ ఒకే దండలో కలిపి ఉంటాయి కాబట్టి, ఒకదాని మీద నీడ పడితే మిగతావాటి పని కూడా దెబ్బతింటుందట. చెట్టు కొట్టేద్దామా అన్నాడు. అమ్మ మాట్లాడలేదు. వంటింట్లోకెళ్లి ఆ చెట్టు కాయ ఒకటి తెచ్చి, వాడి ముందే కొట్టి, చేతిలో పెట్టి, "తాగు బాబూ" అంది. చెట్టు బతికిపోయింది. స్టాండు ఎత్తు పెంచి, కాస్త పడమటికి జరిపారు.

ఆరు పలకలురా. ఒక్కోటి 540 వాట్లు, ఏడున్నర అడుగుల పొడవు. ఇద్దరు మనుషులు ఒక్కోదాన్ని మెట్ల మీంచి మోసుకెళ్తుంటే ఏదో పెళ్లికి అద్దాల బీరువా తెచ్చినట్టుంది. మూడు ఎర్తింగ్ గోతులు తీయాలన్నారు. మూడోది సరిగ్గా అమ్మ కనకాంబరాల మడిలోనే పడింది. డాబాలో సగం పోయేసరికి అమ్మకి ఇంకో దిగులు పట్టుకుంది: "ఎండంతా మీ పలకలే తాగేస్తే నా గుమ్మడి వడియాలకి ఏం మిగులుతుంది?"

తర్వాత కరెంటాఫీసు వాళ్లొచ్చి నెట్ మీటరు బిగించారు. మనం తీసుకున్నది ఒక అంకె, మనం పంపింది ఒక అంకె. ఆ రోజు నుంచి మా నాన్న మనిషి కాదు. ఫోన్లో యాప్ ఉంటుంది, ఏ గంటకి ఎంత తయారైందో చూపిస్తుంది. సాయంత్రమయ్యేసరికి వీధి అరుగు మీద కూర్చుని, పోయేవాళ్లని ఆపి మరీ స్కోరు చెబుతాడు. "ఇవాళ 13.4." మబ్బు పడితే "ఇవాళ 6.1, పిచ్ బాలేదు." బిల్లు పూర్తిగా సున్నా కాదు, ఫిక్స్‌డ్ చార్జీలు ఉంటూనే ఉంటాయి. అయినా ఆ బిల్లుని మడతపెట్టి చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. రెండు ఘనకార్యాలు చేశాడు. ఒకటి, హాల్లో ఏసీ పెట్టించాడు. రెండోది, పాత బ్యాటరీ ఇన్వర్టరుని పాత సామాన్లవాడికి ఇచ్చేశాడు. "సొంత కరెంటు ఉన్నవాడికి బ్యాటరీ ఎందుకు?" అని. అమ్మ "ఉండనీండి, అన్నమడుగుతుందా, నీళ్లడుగుతుందా" అంది. వినలేదు. వీధి వీధంతా "ఇక మాకు కరెంటు పోదు" అని చాటింపు.

పోయిన ఆదివారం చెల్లికి పెళ్లిచూపులు.

నరసాపురం నుంచి వచ్చారు. అబ్బాయి, అమ్మానాన్న, ఒక మేనత్త, ఒక బాబాయి, మొత్తం అయిదుగురు. పదకొండు గంటలు. కిటికీలన్నీ మూసి, కొత్త కర్టెన్లు దించి, ఏసీ 22లో పెట్టి కూర్చోబెట్టాం. మా నాన్న పెళ్లికూతురు సంగతి వదిలేసి సోలార్ గురించి మొదలెట్టాడు. యాప్ చూపిస్తున్నాడు. "చూడండి బావగారూ, ఈ క్షణాన రెండున్నర కిలోవాట్లు కొడుతోంది. ఊరంతా పోయినా మా ఇంట్లో..."

పోయింది.

ఒట్టు, సరిగ్గా ఆ మాట దగ్గరే. ఏసీ ఒక్కసారి నిట్టూర్చి ఆగిపోయింది. గదంతా చీకటి, కర్టెన్ల అంచుల్లోంచి సన్నగా ఎండ గీతలు. ఎవరూ మాట్లాడలేదు. వంటింట్లో మిక్సీ ఆగిపోయి, అమ్మ "అయ్యో చట్నీ" అనడం హాలంతా వినబడింది. మూడో బెంచీ నవ్వు గుర్తుందా నీకు? నాకు అదే వచ్చింది, లోపలే తొక్కిపెట్టాను. పక్కన చూస్తే అబ్బాయి కూడా అదే అవస్థలో ఉన్నాడు. అప్పుడే వాడు నాకు నచ్చేశాడు.

మా నాన్న లేచి మెట్ల కింద గోడకున్న సోలార్ ఇన్వర్టర్ దగ్గరికి పరిగెత్తాడు. పచ్చలైటు పోయి ఎర్రలైటు మిణుకుమంటోంది. పాత రేడియోని కొట్టినట్టు దాని నెత్తి మీద రెండుసార్లు తట్టాడు. డాబా మీదికెళ్లి పలకల్ని చూసొచ్చాడు. అవి నిగనిగలాడుతూ ఉన్నాయి, ఎండ మాడుపగిలేలా ఉంది. కిందకొచ్చి కంపెనీ కుర్రాడికి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాడు. వాడు "లైన్లో కరెంటు ఉందా సార్" అన్నాడు. "లైన్లో ఉంటే నీకెందుకు చేస్తానయ్యా!" "అయితే అంతే సార్, లైన్లో లేకపోతే సోలార్ కూడా ఆగిపోతుంది, ఆన్‌గ్రిడ్ కదా, లైనుతో కలిసే నడుస్తుంది." మోసం, దగా, వినియోగదారుల ఫోరం అన్నీ అయిదు నిమిషాల్లో వచ్చేశాయి. మేనత్త గారు పమిట కొంగుతో విసురుకుంటున్నారు. చెల్లి ముఖాన పౌడరు గీతలు పడుతోంది.

అప్పుడు ఆ బాబాయి లేచాడు. అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడని మనిషి. కిటికీ తీసి, కర్టెన్ పక్కకి లాగి, "మాష్టారూ, మీ మిషను మంచిదండీ. ఆగకపోతేనే మనం భయపడాలి" అన్నాడు.

లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడట. నెమ్మదిగా చెప్పాడు. పగలు కరెంటు పోయిందంటే ఎవరో ఎల్సీ, అంటే లైను ఆపించి పనిచేసుకునే అనుమతి, తీసుకుని ఉంటారు, కొమ్మలు కొట్టడానికో, తీగల్ని కలిపే జంపరు సరిచేయడానికో. లైను చచ్చిపోయింది అన్న ధైర్యంతో స్తంభం ఎక్కుతాడు వాడు. సరిగ్గా అప్పుడు మన డాబా మీంచి కరెంటు వెనక్కి లైన్లోకి పోతే? ట్రాన్స్‌ఫార్మర్ మన ఇంటి వైపు 11 వేల వోల్టుల్ని దించుతుంది కదా, వెనక నుంచి పోతే అదే ట్రాన్స్‌ఫార్మర్ పైకి ఎక్కిస్తుంది. అందుకే లైన్లో కరెంటు లేదని తెలియగానే ఈ ఇన్వర్టరు ఒకటి రెండు సెకన్లలో తనంతట తాను తప్పుకోవాలి. బ్యాటరీతో హైబ్రిడ్ పెట్టుకుంటే వేరే సంగతి, అది ఇంటిని లైను నుంచి విడదీసి లోపలివరకే నడుపుతుంది. "అప్పట్లో జనరేటర్లకి ఇవేమీ లేవండి" అని ఎడమచెయ్యి చాపాడు.

చిటికెన వేలు, ఉంగరం వేలు అరచేతిలోకి ముడుచుకుపోయి ఉన్నాయి. మణికట్టు నుంచి మోచేతి దాకా చర్మం మైనం కరిగి గడ్డకట్టినట్టుంది. ఏదో పెళ్లింట్లో లైను కట్ చేయకుండా జనరేటర్ కలిపేశారట. అంతకంటే చెప్పలేదు. అప్పుడు గుర్తొచ్చింది, వచ్చినప్పటి నుంచి ఆయన ఆ చెయ్యి కండువా కిందే పెట్టుకున్నాడు, కాఫీ గ్లాసు కూడా కుడిచేత్తోనే.

మా నాన్న కూర్చుండిపోయాడు. మన ఏడో తరగతి ట్రాన్స్‌ఫార్మర్ సంగతి నా కళ్ల ముందు తిరిగింది. గాలిపటం కోసం నువ్వు ఆ కంచె ఎక్కబోతే నీ చొక్కా లాగింది నేనే కదా. ఆ రోజు గనక... సరే వదిలెయ్.

ఇంతకీ నీకు తప్ప ఎవరికీ చెప్పని మాట. కంపెనీవాడు మోసం చేయలేదురా. కొటేషన్ మూడో పేజీలో ఉంది: "విద్యుత్ సరఫరా లేని సమయంలో ఈ వ్యవస్థ పనిచేయదు." స్పష్టంగా, తెలుగులో. ఆ రాత్రి తీసి చూసుకున్నాను. నాన్న కళ్లజోడు లేదని నన్ను చదవమంటే, ధర చూసి, సబ్సిడీ చూసి, "అన్నీ సరిగ్గా ఉన్నాయి, పెట్టెయ్" అని చెప్పింది నేనే. బ్యాంకులో రోజుకి పదిమందికి "చదివి సంతకం పెట్టండి బాబూ" అని చెప్పే వెధవని! ఆయన ఇంకా ఆ కుర్రాణ్ణి తిడుతూనే ఉన్నాడు. చెప్పాలి. ఇవాళ చెబుదామనుకున్నాను, నిన్న కూడా అనుకున్నాను. నువ్వయితే ఏం చేసేవాడివి? నువ్వు పేజీ చించేసేవాడివి, నాకు తెలుసు.

తర్వాత? కరెంటు గంటకి వచ్చింది. ఇన్వర్టరు వెంటనే మొదలవలేదు, లైను నిలకడగా ఉందో లేదో కొన్ని నిమిషాలు చూసుకుని, అప్పుడు పచ్చలైటు వెలిగింది. ఈలోపు అందరం అరుగు మీదకి చేరిపోయాం. అమ్మ రోట్లో రుబ్బిన చట్నీతో పెసరట్లు పెట్టింది, మేనత్త గారు నాలుగు తిన్నారు. విసనకర్ర అబ్బాయి చేతికి ఎలా వచ్చిందో నేను చూడలేదు, కానీ చెల్లి వైపే విసురుతున్నాడు, అది మాత్రం చూశాను. నిన్న వాళ్ల దగ్గర్నుంచి కబురొచ్చింది. చెల్లి ఏమందంటే, ఆ అబ్బాయి సంగతి తర్వాత, ముందు ఆ బాబాయి గారు

అదిగో, డాబా మీంచి కేకలు. ఎండెక్కకముందే పలకలు కడగాలట, వేడెక్కిన అద్దం మీద చల్లనీళ్లు పడకూడదట. ట్యూబు పట్టుకునేది నేను. పోస్టు డబ్బా ఎనిమిదింటికి తీస్తారు, ఈలోపు పడెయ్యకపోతే ఇది కూడా ఆ రెండు ఉత్తరాల పక్కకే పోతుంది. మిగతాది

నీ
బక్కోడు